మహారాజశ్రీ ఈషింగ్ మట్టి కూజా గారికి

మహారాజశ్రీ ఈషింగ్ మట్టి కూజా గారి సముఖానికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. చైనాలోని జియాంగ్సు రాష్ట్రం, ఈషింగ్ ప్రాంతపు డింగ్‌షూ పట్టణంలో, టీ కాచే కూజాలైన మీరు క్షేమమని తలుస్తాను. మీ ధరలు చూస్తే క్షేమంగానే ఉన్నట్టున్నారు.

మీ జ్ఞాపకశక్తి గురించి చాలా విన్నాను. మెరుగు పూత లేని ఒళ్లు కాబట్టి మీ సన్నటి రంధ్రాలు టీ వాసనను పట్టుకుని వదలవట. అందుకే మీకు సబ్బు తగలకూడదు. ఊలాంగ్ రకం టీ కాచిన దాంట్లో పు-అర్ రకం టీ పోయకూడదు. ఏళ్ల తరబడి వాడాక ఆకు వేయకుండా ఉత్త వేడినీళ్లు పోసినా టీ అయిపోతుందని మీ భక్తులు చెబుతారు. (భక్తులు చెప్పేవన్నీ తాగి చూడలేం కదా.)

ఇంత గుర్తుపెట్టుకునే మీరు, మిమ్మల్ని ఎవరు చేశారని అడిగితే మాత్రం నోరు విప్పరు.

మొదటినుంచీ ఇదే గొడవ. చైనాను మింగ్ వంశం ఏలిన కాలంలో గోంగ్‌చున్ అనే పనివాడు, యజమాని జిన్షా గుడిలో చదువుకుంటుంటే, అక్కడి ముసలి భిక్షువు పనితనం చాటుగా చూసి, మిగిలిన మట్టితో చెట్టు బుడిపె ఆకారంలో తొలి కూజా చేశాడని కథ. ఆయన పేరున్న కూజా ఒకటి బీజింగ్ జాతీయ మ్యూజియంలో ఉంది. అది ఆయనదేనా కాదా అని పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. దాని మూత మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో పెయ్ షిమిన్ అనే కూజాల పనివాడు చేసిందని అందరూ ఒప్పుకుంటారు. మూత దగ్గరైనా శాంతి ఉంది, సంతోషం.

తర్వాత లియాంగ్ జిల్లా అధికారి చెన్ మాన్‌షెంగ్ (1768–1822) వచ్చాడు. ఆయన ఆకారాలు గీశాడు. మట్టిని కొట్టి, పలకలు చేసి, చుట్టి, చెక్కతో తట్టి కూజా నిలబెట్టినవాడు యాంగ్ పెంగ్‌నియాన్. అడుగున దొరగారి ముద్ర, హ్యాండిల్ కింద పనివాడి చిన్న ముద్ర. లోకం వాటిని మాన్‌షెంగ్ కూజాలంటుంది. శంకుస్థాపన ఫలకం మీద మంత్రి పేరు తప్ప మేస్త్రీ పేరు కనపడని దేశంవాణ్ణి కాబట్టి నాకిది వింత అనిపించలేదు. హ్యాండిల్ కిందైనా చోటు దొరికింది, యాంగ్ గారిది అదృష్టమే.

ఇక గు జింగ్‌జౌ అనే కూజాల పనివాడి సంగతి. 1930లలో షాంఘైలో పాత వస్తువుల వ్యాపారి కోసం పూర్వపు మహానుభావుల కూజాలకు నకళ్లు చేశాడు. చెయ్యి ఎంత కుదిరిందంటే, అలాంటి నకళ్లు అసలువై మ్యూజియంల దాకా వెళ్లాయి. తర్వాత ఆయనే మహానుభావుడయ్యాడు. 2015లో ఆయన చేసిన ఉడుత-ద్రాక్షల టీ సెట్ 9 కోట్ల యువాన్‌లు దాటి వేలంలో పోయింది. ఇప్పుడు నకళ్లు ఆయనకే తయారవుతున్నాయి. వంశం ఎక్కడా తెగలేదు.

కూజాలు చేసేవాళ్లకు చైనా ప్రభుత్వం హోదాలు కూడా మెట్లుమెట్లుగా ఇస్తుంది. మెట్టెక్కితే అదే చేతి కూజా ధర కూడా ఎక్కుతుంది. పేరున్నవారి ముద్ర కింద పేరులేని చేతులు పనిచేస్తాయని డింగ్‌షూలో అందరికీ తెలుసు. కొనేవాడికి తెలిసినా, తనకు దొరికింది మాత్రం అసలుదే అనుకుంటాడు.

మట్టి కథ ఇంకోటి. మీ మట్టి దొరికే హువాంగ్‌లాంగ్ కొండలో తవ్వకం ఆపేసి ఏళ్లయింది, అయినా ఏ కొట్టులో అడిగినా ‘పాత గని మట్టే సార్’. 2010లో చైనా ప్రభుత్వ టీవీయే బయటపెట్టింది: మామూలు మట్టిలో ఐరన్ ఆక్సైడ్, మాంగనీస్ డయాక్సైడ్ లాంటివి కలిపి రంగు తెప్పిస్తున్నారని. ఆ కూజాలు ఏం గుర్తుపెట్టుకుంటాయో తలుచుకుంటేనే టెన్షన్.

నా మనవి ఒక్కటే. ఒక్క ఏడాది ముద్ర లేకుండా అమ్ముడుపోయి చూపించండి. ముక్కు నుంచి చుక్క కారకపోతే ఇంత, మూత చిల్లు మీద వేలు పెడితే ధార ఆగితే ఇంత, మూత కదలకపోతే ఇంత అని ధర కడదాం. వేలంపాటవాళ్లకు కాస్త ఇబ్బందే, మీరే నచ్చజెప్పాలి.

ఇట్లు,
సబ్బుతో తోమిన స్టీలు గ్లాసులో టీ తాగే ఒక తెలుగువాడు

తా.క.: మా ఇంటికి మాత్రం దయచేయకండి. ఇక్కడ టీ అంటే పాలు, పంచదార, దంచిన అల్లం. అవి ఒకసారి మీ ఒంట్లోకి దిగాయంటే, ఎంత పెద్ద హోదా ఉన్న మాస్టరు వచ్చినా ఆ వాసన వదిలించలేడు.