చిన్నదండీ

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో పంచాంగ శ్రవణం అయ్యాక, భోజనాలకు ముందు జరిగిన పూర్వ విద్యార్థుల పలకరింపు మీలో చాలామంది చూసే ఉంటారు. వేదిక మీద నుంచి ఒక్కో యూనివర్సిటీ పేరు పిలుస్తుంటే, అక్కడ చదివినవాళ్లు లేచి చప్పట్ల మధ్య ముందుకొచ్చి ఫొటో దిగారు. ఉస్మానియా వాళ్లతో రెండు వరుసలు నిండాయి. ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లు ఈలలు వేశారు. జేఎన్‌టీయూ వాళ్లకు వేదికే చాల్లేదు. ఎస్వీ యూనివర్సిటీ అనగానే నేనూ వెళ్లి వెనక వరుసలో నిలబడ్డాను.

అంతా అయ్యాక, "ఇంకెవరైనా మిగిలారా?" అని అడిగారు. గోడ పక్కన నిలబడ్డ ఒక కుర్రాడు చెయ్యెత్తాడు. వచ్చి ఇంకా ఆరు నెలలు కూడా అయినట్టు లేదు, చొక్కా మడతలు కూడా పోలేదు. మైకు ఇస్తే "విక్రమ సింహపురి యూనివర్సిటీ" అన్నాడు. "అదెక్కడ బాబూ, ఎప్పుడూ వినలేదే!" అని వేదిక మీద నుంచి మాట వచ్చింది. హాలంతా నవ్వింది. చెడ్డ నవ్వేం కాదు, పండగ పూట నవ్వే. కుర్రాడు మాత్రం మైకు తిరిగి ఇచ్చేస్తూ, "నెల్లూరులో అండీ. చిన్నదండీ" అన్నాడు. ఫొటో తీయలేదు. అందరూ భోజనాలకు లేచారు.

ఆ "చిన్నదండీ" అన్న మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఎందుకంటే నా సర్టిఫికెట్ మీద శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం అని ఉన్నమాట నిజమే గానీ, నేను తిరుపతిలో ఒక్క రోజు కూడా చదవలేదు. 1994 నుంచి 96 దాకా నేను చదివింది కావలి పీజీ సెంటర్లో. అప్పట్లో అది ఎస్వీ కింద ఉండేది. 2008లో నెల్లూరు జిల్లాకు సొంత యూనివర్సిటీ వచ్చాక కావలి సెంటర్ దాని కిందికి వెళ్లింది. అంటే ఆ కుర్రాడిదీ నాదీ ఒకటే గూడు. ఆ క్షణంలో లేచి "నాదీ అదే" అని ఉండాల్సింది. నేను అనలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది ఉలవపాడు. అప్పుడు ప్రకాశం జిల్లా, 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు. మామిడికాయల కాలంలో హైవే పొడుగునా బుట్టలు పెట్టుకుని కూర్చునే ఊరంటే మీకు తెలుస్తుంది. కావలికి ప్యాసింజర్లో పోయి వచ్చేవాణ్ని. సెంటర్ పెద్దదేం కాదు. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియకుండా ఉండేది కాదు. ఎవరింట్లో ఎవరికి జ్వరమొచ్చింది, ఎవరు ఫీజు కట్టలేదు, ఎవరికి ఉద్యోగం కాయితం వచ్చింది అన్నీ మధ్యాహ్నం టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి అందరికీ తెలిసిపోయేవి. మాకు పేపరంటే నోటీసు బోర్డు, రేడియో అంటే లైబ్రరీ అటెండరు.

ఆయన గురించి చెప్పాలి. మమ్మల్నందరినీ "అబ్బయ్యా" అనే పిలిచేవాడు. పుస్తకాల మీద ముద్ర వేసీ వేసీ ఆయన బొటనవేలు ఎప్పుడూ ఊదా రంగులో ఉండేది. 1996 సంక్రాంతి సెలవులకు నేను ఇంటి దగ్గర ఉన్నాను. కనుమ వెళ్లిన రెండో రోజు పోస్టుకార్డు వచ్చింది. లైబ్రరీ కార్డులో నా అడ్రసు చూసి రాశాడు. అక్షరాలు వంకరగా, ఎక్కువ వత్తి రాసినట్టు కార్డు వెనక్కి అచ్చుపడి ఉన్నాయి. "అబ్బయ్యా, నోటీసు బోర్డులో మద్రాసు కంప్యూటర్ల కంపెనీ పరీక్ష కాయితం పెట్టినారు. సెలవులు అయ్యే లోపలే గడువు అయిపోతాది. నువ్వు ఊళ్లో ఉండావు కదా అని రాస్తాండా. ఫొటోలు రెండు తెచ్చుకో." పక్కన ఖాళీలో అడ్డంగా ఇంకో ముక్క: "ఉలవపాడులో ఇంకో పిలకాయ ఉండాడంట, ఆయబ్బికి కూడా చెప్పు." కార్డు మూలన ఊదా రంగు వేలిముద్ర.

తర్వాత తెలిసింది, అలాంటి కార్డులు ఆయన పదకొండు రాశాడని. ఎవరూ రాయమని చెప్పలేదు, డబ్బులు ఆయనవే. మర్నాడే ప్యాసింజర్ ఎక్కి పోయి దరఖాస్తు పెట్టాను. పరీక్ష రాశాను, ఉద్యోగం వచ్చింది. మద్రాసు నుంచి ఇక్కడిదాకా వచ్చిన దారి ఆ కార్డుతో మొదలైంది. ఆ ఇంకో పిలకాయకు కూడా చెప్పాను. ఆయన ఇప్పుడు ఒంగోలులో లెక్చరరు.

నాకు ఉద్యోగం రాకముందు ఏడాది మా అమ్మ నన్ను నెల్లూరు రొట్టెల పండక్కి తీసుకెళ్లింది. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర, బారా షహీద్ దర్గా పక్కన జరిగే పండగ. మన జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి చెరువు నీళ్లలో నిలబడతారు, కోరిక ఉన్నవాళ్లు వాళ్ల దగ్గర తీసుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె, ఇప్పుడైతే విదేశీ రొట్టె కూడా ఉంది. హిందువులు, ముస్లింలు అన్న తేడా అక్కడ ఎవరూ చూడరు. మా అమ్మ మోకాళ్ల లోతు నీళ్లలో చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, గూడూరు నుంచి వచ్చిన ఒక ముసలామె దగ్గర నా కోసం ఉద్యోగం రొట్టె తీసుకుంది. సగం నాకు పెట్టి, సగం తను తినింది. ఉద్యోగం వచ్చాక మళ్లీ వెళ్లి, ముక్కూ ముఖం తెలియని ఒక పిల్ల చేతిలో రొట్టె పెట్టి వచ్చింది. తీరాక ఇవ్వకపోతే మొక్కు మిగిలిపోయినట్టేనని ఆమె నమ్మకం.

నేను కావలికి ఆ రొట్టె తిరిగి ఇవ్వలేదు. ముప్పై ఏళ్లయింది.

పోయిన జనవరిలో సెలవులకు వెళ్లినప్పుడు విక్రమ సింహపురి యూనివర్సిటీ కాకుటూరు క్యాంపస్ చూసి రావాలనిపించి వెళ్లాను. నెల్లూరు నుంచి గూడూరు వైపు పోతుంటే హైవే మీదే వస్తుంది. ఆ పక్కనే వెంకటాచలం, మన ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం ఉన్న చోటు. తెలుగుకు ప్రాచీన హోదా వచ్చింది, ఈ యూనివర్సిటీ పుట్టింది ఒకే ఏడాది, 2008. విక్రమ సింహపురి అంటే నెల్లూరు పాత పేరే. మనుమసిద్ధి కొలువులో తిక్కన ఉన్న ఊరు. ఆ పేరు వినలేదని మన హాల్లో నవ్వారు.

గేటు దగ్గర బస్సు కోసం పిల్లలు నిలబడి ఉన్నారు. ఉదయగిరి వైపు మెట్ట ఊరి నుంచి వచ్చిన ఒక అమ్మాయితో మాట్లాడాను. మా అటెండరు కార్డుతో చేసిన పని ఇప్పుడు వాళ్ల వాట్సాప్ గ్రూపు చేస్తోంది. పరీక్ష ఫీజు గడువు, ఎన్‌ఎస్‌ఎస్ శిబిరం, స్నాతకోత్సవం, జిల్లా ఎడిషన్లో క్యాంపస్ మీద వచ్చిన వార్త, అన్నీ ఫొటో తీసి అందులో పెడతారు. నేను ఎక్కడి నుంచి వచ్చానో తెలిశాక ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట ఇది: "సార్, మీ ఆఫీసుల్లో మా సర్టిఫికెట్ ఒప్పుకుంటారా?" ఒప్పుకుంటారమ్మా, అది ప్రభుత్వ యూనివర్సిటీ అన్నాను. "మరి మాకెవరూ చెప్పలేదే" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. చెప్పాల్సినవాళ్లలో నేనూ ఒకణ్ని.

ఉగాది రోజు మైకు పట్టుకున్నవాళ్లను తప్పుపట్టడం లేదు. వాళ్లు రాత్రింబవళ్లు కష్టపడి పండగ చేశారు. తప్పు అంతకంటే పాతది, మన ఇళ్లలోది. ఏ పెళ్లికి పోయినా "ఏ కాలేజీ, ఎంత ర్యాంకు?" అన్నదే మొదటి పలకరింపు. నెల్లూరులో మనం మన పిల్లల్ని తెల్లవారకముందే లేపి ర్యాంకుల హాస్టళ్లలో పెట్టినవాళ్లం. ర్యాంకు రాని పిల్లలు ఎక్కడ చదువుతున్నారో చెప్పడానికి బంధువుల ముందు గొంతు తగ్గించినవాళ్లం. ఎచ్చులు మనకు కొత్త కాదు గానీ, ఒక పిల్లాడు తన చదువును తానే చిన్నబుచ్చుకునేదాకా తీసుకెళ్లడం దారుణం.

ఒంగోలు వాళ్లది కూడా ఇదే కథ. నాగార్జున యూనివర్సిటీ పీజీ సెంటర్లో చదివినవాళ్లంతా ఇక్కడ "నాగార్జున" అనే చెబుతారు, ఒంగోలు అని చెప్పరు. 2022లో అక్కడ ఆంధ్ర కేసరి యూనివర్సిటీ వచ్చింది. ప్రకాశం పంతులు గారి తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి కొడుకును చదివించారు. అలాంటి ఊళ్లో, ఆయన పేరు పెట్టుకున్న యూనివర్సిటీలో చదివిన పిల్లలు కూడా రేపు మన హాల్లో "చిన్నదండీ" అనాలా?

ఇంకో మాటా ఒప్పుకోవాలి. ఈ చిన్న యూనివర్సిటీల్లో అన్నీ బాగున్నాయని నేను అనను. రాష్ట్రంలో చాలా యూనివర్సిటీల్లాగే అక్కడా పర్మనెంటు అధ్యాపకుల కొరత ఉంది, ప్లేస్‌మెంట్లు అంతంత మాత్రమే. పెద్ద కాలేజీల పూర్వ విద్యార్థులు సంఖ్యలో ఎక్కువ, విరాళాలూ ఎక్కువ ఇస్తారు, తానా, ఆటా లాంటి అమెరికా తెలుగు సంఘాల మహాసభల్లో వాళ్ల సమ్మేళనాలకు పెద్ద హాళ్లు దొరకడం సహజమే. కానీ పెద్ద కాలేజీ పిల్లాడికి అన్నయ్యలు వెయ్యిమంది ఉన్నారు. ఉదయగిరి అమ్మాయికి ఒక్కరు కూడా లేరు. సాయం ఎక్కడ అవసరమో అక్కడికే మనం వెళ్లడం లేదు.

అందుకే సంఘం పెద్దలను బతిమాలుతున్నాను. వచ్చే ఉగాదికి యూనివర్సిటీలు పిలిచేటప్పుడు కావలి, కాకుటూరు, ఒంగోలు పేర్లు ముందు పిలవండి. ఒక్కరే లేచినా ఫొటో తీయండి. నాలాగా పెద్ద పేర్ల కింద నిలబడ్డవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. మీరూ బయటికి రండి. శిలాఫలకాలు, గదికి పేర్లు ఇప్పుడు వద్దు. నెలకొక శనివారం రాత్రి, అక్కడ ఆదివారం పొద్దున, చివరి సంవత్సరం పిల్లలకు గంటసేపు ఫోన్లో దొరుకుదాం. ఎలా దరఖాస్తు పెట్టాలి, సర్టిఫికెట్లు ఎలా చూపించాలి, ఏ పరీక్ష ఎప్పుడు, ఇవే చెబుదాం. మా అటెండరు చేసింది కూడా అంతే కదా.

ఆ రోజు గోడ పక్కన నిలబడ్డ అబ్బాయికి: నీ పేరు కూడా అడగలేకపోయాను. నా నంబరు సంఘం ఆఫీసులో ఇచ్చి పెట్టాను. ఒక్కసారి ఫోన్ చెయ్యి అబ్బయ్యా. నాది కావలి.