పిల్లల బీపీ: నూనె మారిస్తే ఎంత తగ్గుతుంది?

ఎనిమిదేళ్ల పిల్లకు బీపీ కాస్త ఎక్కువగా ఉందని తేలితే ఇంట్లో ముందు వేటు పడేది నూనె మీదే. ఆ వెంటనే ఎవరో ఒకరు చేపనూనెలో ఉండే ఒమేగా-3 కొవ్వు మాత్రల సంగతి ఎత్తుతారు. తినే కొవ్వుకూ పిల్లల రక్తపోటుకూ సంబంధం ఉన్న మాట నిజమే. అయితే ఆ సంబంధం ఎంత బలమైనదో, ఏ దారిలో పనిచేస్తుందో చూసుకోకుండా నూనె సీసా మార్చి ఊరుకుంటే అంతకంటే పెద్ద పనులు వెనకబడిపోతాయి. సంతృప్త కొవ్వు (వెన్న, కొబ్బరినూనె లాంటివాటిలో ఎక్కువగా ఉండేది) తగ్గించడం మంచిదే. దానివల్ల బీపీలో వచ్చే తేడా మాత్రం చిన్నది. అది కూడా తగ్గించిన కొవ్వు స్థానంలోకి ఏం వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇక మాత్రలతో పిల్లల బీపీ దిగుతుందని చెప్పడానికి చాలినంత ఆధారం లేదు.

ఈ విషయంలో అన్నిటికంటే నమ్మదగిన సాక్ష్యం ఫిన్లాండ్ నుంచి వచ్చింది. టుర్కు నగరంలో 1990లో మొదలైన స్ట్రిప్ అధ్యయనంలో ఏడు నెలల వయసున్న 1,062 మంది పసివాళ్లను చేర్చుకున్నారు. లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి, ఒక గుంపు తల్లిదండ్రులకు ఏళ్ల తరబడి ఆహార సలహాలు ఇస్తూ వచ్చారు. మొత్తం కొవ్వుకు కోత పెట్టడం వాళ్ల ఉద్దేశం కాదు. సంతృప్త కొవ్వు ఒక పాలు ఉంటే అసంతృప్త కొవ్వు రెండు పాళ్లు ఉండేలా చూడటమే లక్ష్యం. ఆ పిల్లలకు 15 ఏళ్లు వచ్చేదాకా కొలిచి చూస్తే, సలహాలు అందుకున్న గుంపులో పై అంకె, కింది అంకె రెండూ సగటున 1 మిల్లీమీటరు (బీపీని కొలిచేది పాదరసం మిల్లీమీటర్లలో) తక్కువగా ఉన్నాయి.

ఒక్క మిల్లీమీటరే కదా అని తీసిపారేయడానికి లేదు. సమాజం మొత్తంలో సగటు బీపీ ఆ మాత్రం జరిగినా, అధిక రక్తపోటు గీత దాటేవాళ్ల సంఖ్య తగ్గుతుంది. చిన్నతనంలో బీపీ ఎక్కువున్న పిల్లలు పెద్దయ్యాక కూడా ఎక్కువ వైపే ఉండే అవకాశం ఉందని దీర్ఘకాల పరిశీలనలు చెబుతున్నాయి కాబట్టి ఆ చిన్న తేడా విలువ ఇంకాస్త పెరుగుతుంది. కానీ ఒక పిల్లవాడి విషయానికొస్తే 1 మిల్లీమీటరు అంటే బీపీ మిషన్ పొరపాటులో కలిసిపోయేంత అంకె. సమాజానికి మంచి సలహా అయినది ఒక పిల్లవాడికి చికిత్స కాలేకపోవచ్చు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం పుడుతోంది.

సంతృప్త కొవ్వు ఎక్కువైతే రక్తనాళాల లోపొర మందగిస్తుంది. నాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్ ఆ పొర నుంచే రావాలి. అది తగ్గితే నాళం బిగుసుకుంటుంది. చేపల నుంచి వచ్చే ఈపీఏ, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు (కొవ్వు తయారయ్యేది ఇలాంటి ఆమ్లాలతోనే) కణాల పొరల్లో చేరి, నాళాలను బిగించే పదార్థాల తయారీకి అడ్డుపడతాయి. ఇంతవరకు బాగానే ఉంది. ఆ సంతృప్త కొవ్వు తీసేసిన చోట పంచదార, మైదా లాంటి పిండిపదార్థాలు చేరితే కథ మారిపోతుంది. అవి ఎక్కువైనప్పుడు ఇన్సులిన్ పెరుగుతుంది, ఇన్సులిన్ పెరిగితే మూత్రపిండాలు సోడియంను బయటికి వదలకుండా పట్టి ఉంచుతాయి. పైగా మిగిలిపోయిన పిండిపదార్థాన్ని కాలేయం పామిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. అది సంతృప్త కొవ్వే. కాబట్టి ‘ఫ్యాట్ ఫ్రీ’ అని రాసి ఉన్న తీపి పెరుగు తిన్న పిల్లవాడి రక్తంలో సంతృప్త ఆమ్లాలు తగ్గుతాయన్న హామీ ఏమీ లేదు.

పరిశోధనల వార్తలు చదివేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి. రక్తంలో ఫలానా కొవ్వు ఆమ్లం ఎక్కువున్న పిల్లల్లో బీపీ ఎక్కువ అని రాగానే, ఆ కొవ్వు తినడం వల్లే బీపీ పెరిగిందని అర్థం తీస్తారు. రక్తంలోని అన్ని ఆమ్లాలూ పళ్లెంలోంచి నేరుగా వచ్చినవి కావు. వంట నూనెల్లో ఉండే లినోలిక్ ఆమ్లాన్ని శరీరం తయారుచేసుకోలేదు. ఈపీఏ, డీహెచ్‌ఏలను చేసుకున్నా చాలా కొద్దిగానే. కాబట్టి వీటి మోతాదు తిండిని కొంతవరకు చూపిస్తుంది. పామిటిక్, పామిటోలియిక్ ఆమ్లాలు అలా కాదు. అవి పెరిగితే తిన్న వెన్న వల్ల కావచ్చు, తాగిన తీపి పానీయాల వల్ల కావచ్చు, ఒంట్లో పేరుకున్న కొవ్వు వల్ల కావచ్చు. బరువును లెక్కలోకి తీసుకోని అధ్యయనమైతే దాని ముగింపును పక్కన పెట్టేయవచ్చు. పిల్లల బీపీని పెంచే వాటిలో అధిక బరువుది పెద్ద వాటా మరి.

ఒమేగా-3 ఫలితాలు ఒకదానికొకటి పొసగవు. 2003లో వెలువడిన ఒక యూరప్ అధ్యయనంలో, డీహెచ్‌ఏ లాంటి పొడవు గొలుసు అసంతృప్త ఆమ్లాలు కలిపిన డబ్బాపాలు తాగిన పసివాళ్లకు ఆరేళ్ల వయసులో కింది అంకె 3.6 మిల్లీమీటర్లు తక్కువగా కనిపించింది. తల్లిపాలు తాగినవాళ్ల అంకెలు కూడా వాళ్లకు దగ్గరగానే ఉన్నాయి. ఆశ పుట్టించే ఫలితమే. 2009లో డెన్మార్క్ నుంచి దీనికి సరిగ్గా ఎదురు కబురు వచ్చింది. బిడ్డకు పాలిచ్చే నెలల్లో చేపనూనె తీసుకున్న తల్లుల కొడుకులకు ఏడేళ్ల వయసులో కింది అంకె సుమారు 6 మిల్లీమీటర్లు ఎక్కువగా ఉంది. అదే ఏడాది వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో పసితనం నుంచి ఐదేళ్లదాకా ఒమేగా-3 ఇచ్చినా, ఎనిమిదేళ్ల వయసులో బీపీలో గానీ ధమనుల తీరులో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మూడూ లాటరీ పద్ధతిలో గుంపులు చేసి నడిపిన ప్రయోగాలే, మూడూ మూడు దారులు. ఇలాంటప్పుడు ‘పిల్లల గుండెకు మేలు’ అని డబ్బా మీద రాసి అమ్మడం తల్లిదండ్రుల భయాన్ని వాడుకోవడమే.

మోతాదు సంగతీ చూడాలి. పెద్దవాళ్లలో బీపీ రెండు మూడు మిల్లీమీటర్లు దిగింది రోజుకు 2–3 గ్రాముల ఈపీఏ, డీహెచ్‌ఏ ఇచ్చినప్పుడు. ‘చేపనూనె 1000 మి.గ్రా.’ అని ఉన్న మామూలు మాత్రలో ఆ రెండూ కలిపి ఉండేది చాలాసార్లు 300 మి.గ్రా. మాత్రమే, పిల్లల కోసం చేసినవాటిలో ఇంకా తక్కువ. అవిసె గింజలు, ఆక్రోట్లు మంచివే. కానీ వాటిలో ఉండేది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. శరీరం అందులో కొద్ది శాతాన్నే ఈపీఏగా మార్చుకోగలదు, డీహెచ్‌ఏగా మారేది ఇంకా స్వల్పం. వెన్న, వేపుడు మాంసం స్థానంలో వారానికి రెండుసార్లు చేప, రోజూ గుప్పెడు గింజలు పెట్టడం మంచి మార్పు. అవి ఉన్న తిండికి అదనంగా చేరితే మాత్రం కేలరీలు పెరగడమే మిగులుతుంది. నాలుగేళ్ల లోపు పిల్లలకు గింజలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది కాబట్టి మెత్తగా నూరి పెట్టాలి.

ఇంట్లో వేసుకోదగిన లెక్క ఒకటుంది. రెండేళ్లు దాటినవాళ్లు సంతృప్త కొవ్వును మొత్తం కేలరీల్లో 10 శాతానికి, ట్రాన్స్ కొవ్వును (ఎక్కువగా నూనెను హైడ్రోజన్‌తో గట్టిపరిచేటప్పుడు పుట్టేది) 1 శాతానికి మించనీయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోజుకు 1,500 కేలరీలు కావలసిన పిల్లకు 10 శాతం అంటే 150 కేలరీలు. గ్రాము కొవ్వుకు 9 కేలరీలు కాబట్టి సంతృప్త కొవ్వు 16–17 గ్రాములు, ట్రాన్స్ కొవ్వు గ్రామున్నరకు కాస్త పైన. ఒక టేబుల్ స్పూన్ వెన్నలో 7 గ్రాముల సంతృప్త కొవ్వు ఉంటుంది, పెద్ద గ్లాసు వెన్న తీయని పాలలో నాలుగున్నర. ఒక టేబుల్ స్పూన్ కొబ్బరినూనెలోనే 11 గ్రాములకు పైగా ఉంటే, అంతే ఆలివ్ నూనెలో 2 గ్రాములు. కోటా ఎక్కడ ఖర్చవుతోందో రెండు మూడు రోజులు రాసి చూస్తే తెలిసిపోతుంది. చాలా ఇళ్లలో అది వంట నూనెలో కంటే బిస్కెట్లు, పేస్ట్రీలు, చిప్స్ ప్యాకెట్లలోనే బయటపడుతుంది.

ప్యాకెట్ చదివేటప్పుడు జరిగే పొరపాట్లు దాదాపు ఒకేలా ఉంటాయి. అంకెలు ఒక్క వడ్డనకు రాసి ఉంటాయి, పిల్లవాడు ప్యాకెట్టంతా తింటాడు. 100 గ్రాముల అంకెలు పట్టుకుని, తిన్న బరువుతో లెక్కించాలి. ట్రాన్స్ కొవ్వు సున్నా అని ఉన్నా, పదార్థాల జాబితాలో పాక్షికంగా హైడ్రోజనీకరించిన నూనె ఉంటే సున్నాను నమ్మకూడదు. ఒక్క వడ్డనలో ఫలానా పరిమాణం కంటే తక్కువుంటే సున్నా అని రాసుకోవడానికి చాలా దేశాల నిబంధనలు ఒప్పుకుంటాయి. అదే ప్యాకెట్‌పై సోడియం కూడా చూడాలి. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని, పిల్లలకు వాళ్ల కేలరీల అవసరాన్ని బట్టి అంతకంటే తగ్గించాలని సూత్రం. 1,500 కేలరీల పిల్లకు అది నాలుగు గ్రాముల లోపే.

ఉప్పు ప్రస్తావన ఊరికే రాలేదు. పిల్లల మీద జరిగిన ప్రయోగాలను కలిపి 2006లో చేసిన విశ్లేషణలో, ఉప్పు సుమారు 40 శాతం తగ్గించినప్పుడు పై అంకె ఒక మిల్లీమీటరుకు కాస్త ఎక్కువే దిగింది, అదీ కొన్ని వారాల్లోనే. కొవ్వు నాణ్యత మార్చి పదిహేనేళ్లలో సాధించినదానికి ఇది తీసిపోదు. సంతృప్త కొవ్వూ ఉప్పూ ఎక్కువగా ఒకే ప్యాకెట్‌లో వస్తాయి కాబట్టి ఆ ప్యాకెట్ తగ్గితే రెండూ తగ్గుతాయి. దాని బదులు పండ్లు, కూరగాయలు, పప్పులు పెడితే పొటాషియం, పీచు కూడా చేరతాయి. అందుకే విడివిడిగా ఆమ్లాల పేర్లు పట్టుకుని వేలాడటం కంటే ఈ మార్పుకు ఓపిక ఖర్చు పెట్టడం మేలు.

రెండేళ్ల లోపు పిల్లల దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోవాలి. తల్లిపాలలో దాదాపు సగం కేలరీలు కొవ్వు నుంచే వస్తాయి. మెదడు ఎదుగుదలకు అది కావాలి. ఇంట్లో పెద్దవాళ్లకు బీపీ ఉందని ఏడాది బిడ్డకు నూనె లేని తిండి పెట్టడం హాని చేస్తుంది.

ఇంత చేసే ముందు అసలు బీపీ సరిగా కొలిచారా అన్నది చూడాలి. చేతికి చుట్టే పట్టీలోని గాలితిత్తి వెడల్పు పై చేతి చుట్టుకొలతలో కనీసం 40 శాతం, పొడవు 80 నుంచి 100 శాతం ఉండాలి. పట్టీ ఇరుకైతే అంకె ఎక్కువ చూపిస్తుంది. బొద్దుగా ఉన్న పిల్లలకు ఇరుకు పట్టీ చుట్టి బీపీ ఉందనేయడం తరచూ జరిగే తప్పు. మూడు నుంచి ఐదు నిమిషాలు వీపు ఆన్చి, పాదాలు నేలకు ఆనించి కూర్చోబెట్టి, కుడిచేతికి కొలవాలి. మిషన్‌లో ఎక్కువ వస్తే స్టెతస్కోప్‌తో మళ్లీ చూడాలి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2017 నిబంధనల ప్రకారం 13 ఏళ్ల లోపు వారికి ఒకే గీత ఉండదు. వయసు, ఎత్తు, ఆడా మగా అన్నదాన్ని బట్టి పట్టికలో చూసి, 95వ శాతాంశం (అలాంటి వందమంది పిల్లల్లో 95 మంది దీనికి కిందే ఉంటారు) దగ్గర గానీ ఆపైన గానీ మూడు వేర్వేరు సందర్భాల్లో వస్తేనే అధిక రక్తపోటు అంటారు. 13 ఏళ్లు నిండితే గీత 130/80. దానికి కాస్త ముందు దశలో ఉంటే తిండి, ఆట, నిద్ర సరిచేసి ఆరు నెలలకు మళ్లీ కొలుస్తారు. నూనె మార్చిన రెండో వారంలో బీపీ చూసి ఫలితం లేదని నిరాశపడటం గానీ, తగ్గిందని సంబరపడటం గానీ అనవసరం.

ఆరేళ్ల లోపు పిల్లకు, అందునా బరువు ఎక్కువ లేని పిల్లకు, బీపీ బాగా ఎక్కువగా ఉంటే వంటగది వైపు చూడటం ఆపి మూత్రపిండాల పరీక్షలు చేయించాలి. చేతిలో బీపీ ఎక్కువగా, కాలిలో తక్కువగా ఉన్నా, తొడ దగ్గర నాడి సరిగా అందకపోయినా గుండె నుంచి వచ్చే పెద్ద ధమని ఇరుకుగా ఉందేమో చూస్తారు. తలనొప్పి, చూపు మసకబారడం, మూర్ఛ లాంటివి తోడైతే ఆహారం మార్చి చూద్దామనుకోకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.