పెసరట్టాహాలిక్

గుంటూరు బ్రాడీపేటలో ఈమధ్య ఒక టిఫిన్ హోటలు వెలిసింది. పేరు 'పెసరట్టాహాలిక్'. బోర్డు తెలుగు అక్షరాల్లోనే రాయించారు. అదే కొంప ముంచింది.

మా బాబాయి రిటైరైన తెలుగు మేష్టారు. నా చేత స్కూటరు ఆపించి, కళ్లజోడు సవరించుకుని, "హాలికుడంటే నాగలి పట్టేవాడు కదరా! పెసర రైతులు దుకాణం పెట్టుకున్నారన్నమాట" అని మురిసిపోతూ లోపలికి నడిచారు.

"పెసలు ఏ ఊరివి బాబూ?" అని కౌంటర్లో కుర్రాణ్ణి అడిగారు.

"అల్లం, ఉల్లి కూడా ఉన్నాయండి."

"అంతర పంటలా?"

"చట్నీ అన్‌లిమిటెడ్ సార్."

"సరే, మీ సంఘం అధ్యక్షులెవరు?"

"ఓనర్ గారు హైదరాబాద్‌లో ఉంటారండి."

"రైతు హైదరాబాద్‌లో, నాగలి ఇక్కడ. ఇంకేం పండుతుంది" అని బాబాయి నిట్టూర్చి కూర్చున్నారు.

హాలిక్ అంటే వ్యసనపరుడని నేను విప్పి చెప్పాల్సి వచ్చింది. ఇంగ్లీషువాళ్లు ఆల్కహాలిక్‌ని నడిమికి నరికి, తోక పట్టుకెళ్లి వర్కహాలిక్ చేసుకున్నారు. అసలు ఆల్కహాల్ అరబ్బీ 'అల్ కుహ్ల్' నుంచి వచ్చింది. కుహ్ల్ అంటే కంటికి పెట్టుకునే సుర్మా. ఆ సుర్మాలో సగం విరిచి మనం పెసరట్టుకి పూశాం. దిష్టి తగలకుండా కాబోలు.

వాళ్లకి ఈ కోతలు అలవాటే. హాంబర్గ్ అనే జర్మనీ ఊరి పేరు విరిచి బర్గర్ బయటికి లాగారు. 1972లో వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనాల్లో దొంగలు పడి, 1974లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ గద్దె దిగాక, ప్రతి కుంభకోణానికీ ఒక గేటు బిగిస్తున్నారు. వాళ్ల మాట, వాళ్ల కత్తి. కోసుకోనీండి.

మనకేం ఖర్మ? 'బోతు' లేదూ? తాగుబోతు, తిండిబోతు, వాగుబోతు, నిద్రబోతు. దేన్నీ నరకక్కర్లేదు, వెనక తగిలిస్తే చాలు. పెసరట్టుబోతు అనండి, నోరూరుతుంది. కానీ బోతు మోటట. తాగుబోతు కాలవ గట్టున పడి ఉంటాడు, ఆల్కహాలిక్ ఏసీ గదిలో కౌన్సెలింగుకి వెళ్తాడు.

ఇదంతా నవ్వుకుని వదిలేసేవాణ్ణే. మొన్న ఐదో తరగతి చదివే మా చిన్నమ్మాయి తెలుగు పరీక్షలో 'మా నాన్న ఫోనుబోతు' అని రాసింది. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, పక్కన 'ఇలాంటి పదం లేదు' అని రాశారు.

లేదేమిటండీ! అక్కడే, ఆ కాగితం మీదే పుట్టింది కదా! పుట్టిన బిడ్డని చూపిస్తే పుట్టలేదని రాసిస్తారా? గైడు చూసి బట్టీ పట్టిన జవాబులన్నిటికీ ఫుల్ మార్కులు వేశారు. పిల్ల సొంతంగా చేసుకున్న ఒకే ఒక్క మాటకి సున్నా! అదే బడి గేటుకి 'మ్యాథథాన్' అని ఇంత పొడుగు ఫ్లెక్సీ వేలాడుతోంది. దానికెవరూ ఎర్ర సిరా పెట్టలేదు. మారథాన్ గ్రీసులో ఒక ఊరు, ఆ పేరు సోంపు మొక్క మీద వచ్చింది. లెక్కల్లో సోంపు కలపొచ్చు గానీ నాన్నకి బోతు తగిలిస్తే తప్పొచ్చిందా? పైగా ఆ వాక్యం అక్షరాలా నిజం, మా ఆవిడని అడగండి.

పెసరట్టు మాత్రం బాగుంది, అబద్ధమెందుకు. బాబాయి రెండు తిన్నారు. బిల్లుతోపాటు చిన్న గిన్నెలో సోంపు తెచ్చిపెట్టాడు కుర్రాడు.

"ఇదీ మీ పొలందేనా?" అన్నారు బాబాయి.