అరైజీత్‌ని ఫుల్‌బ్యాక్ చేయమంటున్నవాళ్లకి

మా పాత హాకీ టీమ్ వాట్సాప్ గ్రూపులో ఒకే మెసేజ్ ఐదోసారి వచ్చింది. మొదట మా గోల్‌కీపర్ పంపాడు. తర్వాత వాడి అన్నయ్య, ఆ తర్వాత ఇంకో ఇద్దరు. నిన్న రాత్రి మా మేనల్లుడు కూడా అదే పంపి, కింద "మామయ్యా, ఇది నిజమేనా? నేను కూడా మారిపోవాలా?" అని రాశాడు. వాడికి పద్నాలుగేళ్లు. రోజూ తెల్లవారుజామున ఐదున్నరకి స్టిక్ భుజాన వేసుకుని గ్రౌండ్‌కి పోతాడు. లెఫ్ట్-ఇన్ (ముందు వరుసలో ఎడమవైపు) ఆడతాడు, ఈమధ్యే డ్రాగ్‌ఫ్లిక్ నేర్చుకుంటున్నాడు. అంటే ఎదుటివాళ్ల తప్పుకి దొరికే పెనాల్టీ కార్నర్‌లో బంతిని స్టిక్‌తో లాగి గోల్లోకి విసిరే షాట్. వాడు అలా అడిగాక ఇక ఊరుకోలేకపోయాను.

అరైజీత్ మన హాకీలో కుర్ర ఫార్వర్డ్, అంటే ముందు వరుసలో ఉండి గోల్స్ కొట్టేవాడు. ఫుల్‌బ్యాక్ అంటే వెనక ఉండి గోల్‌ని కాపాడే డిఫెండర్. పారిస్‌లో మన కెప్టెన్ హర్మన్‌ప్రీత్ అలాంటి డిఫెండరే, డ్రాగ్‌ఫ్లిక్ కొడతాడు. మెసేజ్ సారాంశం ఇది: "అరైజీత్ సింగ్ హుండల్ అసలు ఫార్వర్డే కాదు. జూనియర్ ఆసియా కప్ ఫైనల్లో పాకిస్థాన్ మీద కొట్టిన నాలుగు గోల్సూ పెనాల్టీ కార్నర్లే. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు ఎటూ చేరడు. డ్రాగ్‌ఫ్లికర్ అంటే డిఫెండరే. కాబట్టి ఇప్పుడే ఫుల్‌బ్యాక్‌గా మార్చి హర్మన్‌ప్రీత్ వారసుడిగా తయారు చేయాలి. అతన్ని పారిస్‌కి తీసుకెళ్లకపోవడం రాజకీయం. మన జాతీయ క్రీడని కాపాడండి. పది మందికి పంపండి."

జాతీయ క్రీడ సంగతి: ప్రభుత్వం ఏ ఆటనీ అధికారికంగా జాతీయ క్రీడగా ప్రకటించలేదు. 2012లోనే సమాచార హక్కు కింద అడిగితే ఆ జవాబే వచ్చింది. హాకీని ప్రేమించడానికి ఆ ముద్ర అక్కర్లేదు.

పారిస్ రాజకీయం: 2024 పారిస్ ఒలింపిక్స్ జట్టులో 16 మందికే చోటు. అందులో ఫార్వర్డ్‌లుగా అభిషేక్, సుఖ్‌జీత్, లలిత్, మన్‌దీప్, గుర్జంత్ వెళ్లారు. అరైజీత్ అప్పటికి జూనియర్ వయసువాడు, సీనియర్ జట్టుతో ప్రో లీగ్ ఆడటం అప్పుడే మొదలుపెట్టాడు. ఐదు చోట్లకి అంతకంటే అనుభవమున్నవాళ్లు ఐదుగురు ఉంటే కుర్రాడు ఆగాడు. ఇందులో కుట్ర వెతకాల్సినదేమీ లేదు.

ఇక ఆ నాలుగు గోల్స్. 2024 డిసెంబర్ 4, మస్కట్. మనవాళ్లు 5-3తో గెలిచారు. అరైజీత్ గోల్స్ 4, 18, 47, 54 నిమిషాల్లో పడ్డాయి. వాటిలో మూడు పెనాల్టీ కార్నర్లు. 47వ నిమిషంలోది ఫీల్డ్ గోల్ (ఆట నడుస్తుండగా కొట్టినది). అంటే మెసేజ్ తప్పు చెప్పింది ఒక్క గోల్ విషయంలోనే. కానీ ఆ ఒక్కటి ఎప్పుడు పడిందో చూడండి. 3-1 మీద ఉన్న మ్యాచ్‌ని పాకిస్థాన్ 39వ నిమిషానికి 3-3 చేసేసింది. మ్యాచ్ చేజారిపోతోందన్న టెన్షన్‌లో, చివరి క్వార్టర్‌లో మళ్లీ ఆధిక్యం తెచ్చింది ఈ కుర్రాడి ఫీల్డ్ గోలే. ఫార్వర్డ్‌గా చేసిన ఆ పనినే లెక్కలోంచి తీసేసి, అతను ఫార్వర్డ్ కాదని తేల్చేశారు. స్కోర్‌కార్డు చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. అది చూడకుండా పది మందికి పంపుతున్నారు, నాకు కోపం అందుకే.

రెండు పడవల సామెత మంచిదే, కానీ ఇక్కడికి అతకదు. పారిస్ క్వార్టర్ ఫైనల్ చూసినవాళ్లెవరూ ఈ మాట అనకూడదు. బ్రిటన్ మీద 17వ నిమిషంలోనే మన డిఫెండర్ అమిత్ రోహిదాస్‌కి రెడ్ కార్డు. నలభై నిమిషాలకి పైగా పది మందితో ఆడాలి. అప్పుడు డిఫెన్స్‌లో ఆ ఖాళీలోకి దిగింది మిడ్‌ఫీల్డర్ మన్‌ప్రీత్. 1-1తో నిలబడి, షూటౌట్‌లో 4-2తో గెలిచాం. 16 మందితో టోర్నీ మొత్తం లాగాలంటే రెండు పనులు తెలిసినవాళ్లు ఉండి తీరాలి. కోచ్ ఫుల్టన్ పద్ధతిలో అయితే ఫార్వర్డ్ కూడా ముందు నుంచే ప్రెస్ చేయాలి (ఎదుటివాళ్ల మీదికెళ్లి బంతి లాక్కోవాలి), బంతి పోతే వెనక్కి పరిగెత్తాలి. అలాగని మన్‌ప్రీత్ ఆ రోజు డిఫెండర్‌గా మారిపోలేదు. ఆపద వచ్చింది, అడ్డం నిలబడ్డాడు, అంతే. రెండో పని తెలిసి ఉండటం ఒకటి, మొదటి పని మాన్పించడం ఇంకొకటి. మెసేజ్ రాసినాయన ఈ రెండింటినీ కలిపేశాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. "ఫుల్‌బ్యాక్‌గా మార్చండి" అన్న మాట. మిగతావి తప్పులు, కానీ ఇది హాని చేసే మాట.

ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. సందీప్ సింగ్, రఘునాథ్, రూపిందర్, హర్మన్‌ప్రీత్... ఇరవై ఏళ్లుగా మన డ్రాగ్‌ఫ్లికర్లందరూ వెనక ఆడినవాళ్లే. అటు పాకిస్థాన్ సొహైల్ అబ్బాస్ కూడా అంతే. చూసి చూసి అదే నియమం అనుకుంటున్నాం. ఆస్ట్రేలియా బ్లేక్ గోవర్స్ ఎవరు? ఫార్వర్డ్, ఫ్లిక్ కొడతాడు. బెల్జియం టామ్ బూన్? ఫార్వర్డ్. అర్జెంటీనా తోమాస్ దొమెనె? ఫార్వర్డ్. అంత దూరం ఎందుకు, మన అమ్మాయి దీపిక? 2024 ఆసియన్ చాంపియన్స్ ట్రోఫీలో 11 గోల్స్ కొట్టింది, ఫైనల్లో చైనా మీద పడిన ఒకే ఒక్క గోల్ కూడా ఆమెదే, అదీ పెనాల్టీ కార్నర్ మీద. ఆమె స్ట్రైకరే. ఆమెని వెనక్కి పంపమని ఎవరూ అనలేదే?

ఇప్పుడు ఒక లెక్క చెప్తాను, నెమ్మదిగా చదవండి. పారిస్‌లో మనం ఎనిమిది మ్యాచ్‌ల్లో 15 గోల్స్ కొట్టాం. అందులో 10 హర్మన్‌ప్రీత్‌వి. ఒకటి మిడ్‌ఫీల్డర్ వివేక్ సాగర్‌ది. ఇక ఫార్వర్డ్‌ల పేరు మీద పడినవి నాలుగు: అభిషేక్ రెండు, మన్‌దీప్ ఒకటి, సుఖ్‌జీత్ ఒకటి. ఎనిమిది మ్యాచ్‌లు, ఐదుగురు ఫార్వర్డ్‌లు, నాలుగు గోల్స్! స్పెయిన్ మీద కంచు పతకం తెచ్చిన 2-1 మ్యాచ్‌లో కూడా రెండు గోల్సూ కెప్టెన్‌వే. వాళ్లని తక్కువ చేయడానికి చెప్పట్లేదు. పెనాల్టీ కార్నర్లు తెచ్చిపెట్టేది చాలాసార్లు వాళ్లే. కానీ మన జట్టుకి కొరత ఎక్కడుందో ఈ లెక్క చెప్తుంది. వెనక నుంచి వచ్చి ఫ్లిక్ కొట్టేవాళ్లకి మనకి కొదవ లేదు. సీనియర్లలో జుగ్‌రాజ్ ఉన్నాడు. 2025 జూనియర్ ప్రపంచ కప్‌లో, చెన్నైలో కంచు పతకం తెచ్చిన జట్టులో శారదానంద్ తివారీ, అన్మోల్ ఎక్కా ఉన్నారు, ఇద్దరూ డిఫెండర్లే. లేనిది డీ (గోల్ ముందుండే అర్ధవృత్తం) లోపల బంతి దొరికితే గోల్లోకి పంపే ఫార్వర్డ్. అలాంటి లక్షణమున్న కుర్రాడు ఒకడు కనిపిస్తే వాడిని తీసుకెళ్లి వెనక నిలబెట్టమంటారా? కరువు ఉన్న ఊరి నుంచి నీళ్లు తోడి చెరువులో పోయమన్నట్టుంది.

ఇది నాకు పుస్తకంలో చదివిన సంగతి కాదు. కాలేజీ రోజుల్లో నేను సికింద్రాబాద్‌లో లెఫ్ట్-ఇన్ ఆడేవాణ్ణి. అప్పట్లో మా అందరికీ ముకేశ్ కుమార్ అంటే ప్రాణం. మన హైదరాబాద్ ఫార్వర్డ్, 1992, 1996, 2000, మూడు ఒలింపిక్స్ ఆడినవాడు. నాకు హిట్ బలంగా వచ్చేది. అదే నా కొంప ముంచింది. మా కోచ్ ఒక రోజు "నీ హిట్ బాగుందిరా, వెనక ఆడు" అన్నాడు. రెండేళ్లు ఫుల్‌బ్యాక్ ఆడాను. బాగానే ఆడాను కూడా. మూడో ఏడు ఒక ఫార్వర్డ్‌కి మోకాలు దెబ్బ తగిలితే నన్ను మళ్లీ ముందుకి పంపారు. డీలో గోల్‌కి వీపు పెట్టి నిలబడ్డాను, కుడివైపు నుంచి బంతి వచ్చింది. అంతకుముందైతే వచ్చే బంతిని స్టిక్‌కి తగిలీ తగలకముందే తిప్పేసేవాణ్ణి, ఆలోచనే ఉండేది కాదు. ఆ రోజు ఆపాను. ఆపి, తల ఎత్తి చూశాను. డిఫెండర్ అలవాటు అది: ముందు ఆపు, తర్వాత చూడు. చూసేలోపు బంతి నా దగ్గర లేదు. ఆ తర్వాత ఎంత ప్రాక్టీస్ చేసినా ఆ పాత అలవాటు పూర్తిగా తిరిగి రాలేదు.

ఫార్వర్డ్‌కి డీలో దొరికేది అర సెకను. ఆ అర సెకనులో ఏం చేయాలో చేతికి తెలియాలి, బుర్రకి కాదు. చేతికి తెలిసేది రోజూ అక్కడ నిలబడితేనే. అరైజీత్‌కి ఇప్పుడు ఆ వయసు. 2023 జూనియర్ ప్రపంచ కప్‌లో కొరియా మీద హ్యాట్రిక్ కొట్టాడు, మరుసటి ఏడు మస్కట్‌లో ఫైనల్ గెలిపించాడు. ఈ రెండు మూడేళ్లు ముందు వరుసలో ఎన్ని నిమిషాలు ఆడితే అంత పదును. వెనక్కి పంపితే మొద్దుబారుతుంది. నాలాంటి కాలేజీ ఆటగాడికి అలా అయితే లోకానికి నష్టం లేదు. దేశం తరఫున ఆడే కుర్రాడికి కాకూడదు.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. ఇది రాయడానికి కూర్చున్నప్పుడు ఒప్పుకుంటానని నేనూ అనుకోలేదు. డ్రాగ్‌ఫ్లికర్ వెనక ఉండాలనే ఆలోచన గాల్లోంచి పుట్టలేదు. దానికి ఒక కారణం ఉంది, మెసేజ్‌లో అది లేకపోయినా. హాకీలో సబ్‌స్టిట్యూషన్ ఎన్నిసార్లయినా చేయొచ్చు, కానీ పెనాల్టీ కార్నర్ ఇచ్చాక అది పూర్తయ్యేదాకా చేయకూడదు. డిఫెండింగ్ గోల్‌కీపర్‌కి దెబ్బ తగిలితేనో, అతను సస్పెండ్ అయితేనో తప్ప. ఫార్వర్డ్‌లు ప్రెస్ చేసి చేసి అలసిపోతారు, కొన్ని నిమిషాలకోసారి బయటికొస్తుంటారు. డిఫెండర్లు ఎక్కువసేపు లోపలే ఉంటారు. అరైజీత్ బెంచ్ మీద కూర్చుని నీళ్లు తాగుతున్నప్పుడు కార్నర్ వస్తే అతను చూస్తూ ఉండాల్సిందే. కాబట్టి జట్టుకి మొదటి ఫ్లికర్ డిఫెండర్ అయితేనే క్షేమం. హర్మన్‌ప్రీత్ తర్వాత ఆ కుర్చీ అరైజీత్‌ది కాదని నేనూ అంటాను. జూనియర్‌లో పడిన గోల్స్ సీనియర్‌లో అంత తేలిగ్గా పడవు, అక్కడ అతను నిరూపించుకోవాల్సింది చాలా ఉందన్నది కూడా నిజమే.

కానీ దాని నుంచి తేలేది ఏమిటి? ఆ కుర్చీకి వేరే డిఫెండర్‌ని తయారు చేసుకోవాలని తేలుతుంది. అరైజీత్‌ది రెండో ఫ్లిక్. మొదటి ఫ్లికర్ బయట ఉన్నప్పుడు, అతనికి సస్పెన్షన్ పడినప్పుడు, లేదా ఎదుటి జట్టు రషర్ (ఫ్లిక్‌ని అడ్డుకోవడానికి పరిగెత్తేవాడు) అతని మీదికే దూసుకొస్తున్నప్పుడు డీ అంచున ఇంకొకడు నిలబడి ఉంటే వాళ్లు ఎవరి మీదికి పరిగెత్తాలి? మిగతా యాభై నిమిషాలూ ఆ ఇంకొకడు ఫార్వర్డే.

మా మేనల్లుడికి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. "అయితే రేపు ఫ్లిక్ ప్రాక్టీస్ మానెయ్యాలా?" అన్నాడు. మానొద్దురా అన్నాను. ముందు డీలో వంద బంతులు కొట్టు, అవి అయ్యాక ఫ్లిక్ పట్టు.