సవరణ: ఆ చుక్కల పక్షి డేగ కాదు, ఆడ కోకిల

మా పెరటిలో కనిపించిన వసంత సూచనల గురించి ఇదివరకు రాసిన టపాలో, గోధుమ రంగు ఒంటిపై తెల్లని చుక్కలున్న ఒక డేగ కాకి గూటిపై దాడి చేసిందని రాశాను. అది పొరపాటు. మర్నాడు ఉదయం ఆ పక్షి పది అడుగుల దూరంలోని కొమ్మపై వాలినప్పుడు దాని ఎర్రని కన్ను, డేగకుండే కొక్కెం వంటి వంపు లేని లేతరంగు ముక్కు, తోకపై అడ్డచారలు స్పష్టంగా కనిపించాయి. అది ఆడ కోకిల.

కోకిల గూడు కట్టుకోదు. కాకి గూటిలో గుడ్లు పెడుతుంది. నిగనిగలాడే నల్లని మగపక్షి కాకులను రెచ్చగొట్టి దూరంగా తరిమించుకుంటూ పోయినప్పుడు ఆడది గూటిలోకి దూరడం కద్దు. నేను దాడి అనుకున్నది బహుశా అదే. కుహూ అని స్వరం పెంచుతూ కూసేది మగపక్షి కాగా, ఆడదాని అరుపు కిక్ కిక్ అని గబగబా వినిపిస్తుంది. ఆ అరుపునే నేను డేగదని భ్రమపడ్డాను.

చలికాలమంతా లేని కోకిల తిరిగి వచ్చిందని రాసిన వాక్యాన్ని కూడా తొలగించాను. మన దేశంలో కోకిల చాలావరకు స్థిరనివాసి. చలికాలంలో మౌనంగా పండ్లు తింటూ గుబురు కొమ్మల్లోనే ఉంటుంది కనుక మన కంటపడదు, అంతే. డేగ భయంతో ఆ చెట్టు దగ్గర శబ్దాలు చేసి పక్షిని తరమమని ఇచ్చిన సలహాను దయచేసి ఎవరూ పాటించవద్దు.