పదేళ్ల పిల్లలకు ఏ మాయాలోకం?

2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, యూఏ సర్టిఫికెట్‌ను ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని మూడుగా విడగొట్టడం మంచి పనే. అయితే తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు సరిగ్గా మొదటి రెండు అంకెల నడుమ మిగిలిపోయారు. ఏడేళ్లవాళ్లకు తీసింది వీళ్లకు చప్పగా ఉంటుంది. పదమూడు దాటినవాళ్లకు తీసింది చాలాసార్లు తట్టుకోలేనంతగా ఉంటుంది. యూఏ అంటేనే నిర్ణయం తల్లిదండ్రులకు వదిలేశారని అర్థం. మాయలూ మంత్రాల కథల విషయంలో ఆ నిర్ణయాన్ని మనం ఆలోచించి తీసుకోవడం లేదన్నదే నా ఆవేదన.

"జానపదమే కదా, గ్రాఫిక్స్ అదిరిపోయాయట" అనుకుని ఇంటిల్లిపాదికీ టికెట్లు తీసేస్తాం. తీరా చూస్తే తెర మీద తలలు తెగిపడే దృశ్యాన్ని నెమ్మదిగా, చెవులు దద్దరిల్లే సంగీతంతో, హాలంతా ఈలలు వేసేలా సాగదీసి చూపిస్తారు. పక్క సీట్లో కూర్చున్న పదేళ్ల పిల్లవాడు పెద్దవాళ్లను చూసి తానూ చప్పట్లు కొడతాడు. నాకు బాధ కలిగించేది అతని భయం కాదు, ఆ చప్పట్లే.

భయంతో నాకు పేచీ లేదు. రాక్షసుడూ మాంత్రికుడూ లేకపోతే ఈ వయసు పిల్లలకు కథలో రుచే ఉండదు. 1951 నాటి 'పాతాళ భైరవి' నరబలి చుట్టూ తిరిగే కథ. తోట రాముణ్ణి బలివ్వడానికి తీసుకెళ్లిన మాంత్రికుడే అక్కడ బలవుతాడు. అయినా దాన్ని నేను నిస్సంకోచంగా చూపిస్తాను, ఎందుకంటే ఆ సినిమా దృష్టంతా రాముడి తెగువ మీద ఉంటుంది గానీ నెత్తురు మీద ఉండదు. సంపద తెస్తేనే కూతురినిస్తానని రాజు పెట్టిన షరతు గురించి మాత్రం, సినిమా అయ్యాక ఆడపిల్లలతోనూ మగపిల్లలతోనూ తప్పక మాట్లాడాలి.

ఈ వయసుకే కుట్టినట్టుండే సినిమా ఏదని అడిగితే, జపాన్ దర్శకుడు మియాజాకి 2001లో తీసిన యానిమేషన్ సినిమా 'స్పిరిటెడ్ అవే' పేరు చెబుతాను. కథానాయిక చిహిరోకు పదేళ్లు. ఎవరూ లేని దుకాణాల్లో కనబడ్డ తిండినల్లా తిన్న అమ్మానాన్నలు కళ్లముందే పందులైపోతారు. పని ఇచ్చిన మంత్రగత్తె ఆ పిల్ల పేరులోంచి అక్షరాలు లాగేసుకుంటుంది. అమ్మానాన్నలకు ఏమైనా అయితే ఎలా అని పదేళ్ల వయసులో లోలోపల ఉండే దిగులునే ఆ సినిమా నేరుగా ముట్టుకుంటుంది. చిహిరో ఎవరినీ చంపకుండానే, నేల తుడిచి, కష్టపడి, ఇచ్చిన మాట నిలబెట్టుకుని ఆ దిగులును దాటుతుంది. మొదటిసారి మాత్రం పిల్లల పక్కనే కూర్చుని చూడండి.

పుస్తకాల దగ్గర చిక్కు వేరు. హ్యారీ పోటర్ పుస్తకాలు ఏడూ 1997 నుంచి 2007 దాకా వచ్చాయి. కథలో హ్యారీ పదకొండేళ్ల నుంచి పదిహేడేళ్లకు ఎదుగుతుంటే, తొలి పాఠకులు కూడా అతనితోపాటే ఎదిగారు, కథలో చీకటి చిక్కబడేసరికి వాళ్లకూ వయసొచ్చింది. ఇప్పుడు ఏడూ కట్టగట్టి అమ్ముతున్నారు కాబట్టి, చురుకైన పిల్ల వేసవి సెలవుల్లోనే అన్నీ ముగించేస్తుంది. నాలుగో పుస్తకంలో తోటి విద్యార్థి ఒకణ్ణి హ్యారీ కళ్లముందే చంపేసే ఘట్టం, మొదటి పుస్తకంలోని అల్లరి చదివిన కొద్దిరోజులకే ఎదురవుతుంది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు నెలనెలా కొంచెం కొంచెం రావడం వల్ల, ఒక భయం చల్లారాకే ఇంకొకటి వచ్చేది. ఆ ఎడం ఇప్పుడు ఇంట్లో మనమే కల్పించాలి. పదేళ్లకు మొదటి మూడూ ఇవ్వండి, నాలుగోది పన్నెండు నిండాక ఇద్దామని చెప్పండి. ఎందుకని అడిగితే అసలు కారణమే చెప్పండి. ఆ వయసు పిల్లలకు అది అర్థమవుతుంది.