టప్ టప్ శాస్త్రం

మా బాత్రూమ్ కుళాయి కారడం మొదలై మూడు నెలలైంది. కొందరు (అంటే మా ఆవిడ, కింది ఫ్లాటాయన, ఆయన సీలింగు) దీన్ని నా బద్ధకం అంటున్నారు కాబట్టి, అక్కడ జరుగుతున్నది పరిశోధన అని మనవి చేసుకోవాల్సి వస్తోంది.

ఓ రాత్రి ఆ చప్పుడుకి నిద్ర పట్టక, వాషర్ ఎలా మార్చాలో చూద్దామని ఫోన్ తీశాను. ఉద్దేశం మంచిదే, గమనించండి. ఒక లింకు ఇంకో లింకులోకి తోసి, అది మరోదాంట్లోకి నెట్టి, రెండింటికల్లా నన్ను తీసుకెళ్లి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో దింపాయి. అక్కడ గాజు గరాటులో తారు లాంటి నల్లటి ముద్ద, దాన్ని పిచ్ అంటారు. సుత్తితో కొడితే పెంకులా పగులుతుంది. అయినా అది ద్రవమేనని చూపించడానికి థామస్ పార్నెల్ అనే ప్రొఫెసర్ 1927లో కాచి గరాటులో పోసి, మూడేళ్లు అలా వదిలేసి, 1930లో గరాటు కొస కోశాడు. అప్పట్నుంచి 2014 దాకా పడినవి తొమ్మిది చుక్కలు. దాన్ని ఇప్పుడు లైవ్‌లో చూడొచ్చు. నేను నలభై నిమిషాలు చూశాను. ఏమీ జరగలేదు. అద్భుతంగా ఉంది.

అంతసేపూ వెనక బాత్రూమ్‌లో టప్, టప్. వెళ్లి లెక్కపెట్టాను, నిమిషానికి ఇరవై. కుళాయి మూతి దగ్గర చుక్క ఉబ్బి, కాసేపు వణుకుతూ వేలాడి, లైటు వెలుగంతా తనలోకి లాక్కుని, మెడ సన్నబడి తెగిపోతుంది. ఒక విశ్వవిద్యాలయం 84 ఏళ్లలో సాధించింది మా కుళాయి 27 సెకన్లలో సాధిస్తోందన్నమాట. వాళ్లకి 2005లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) ఇచ్చారు. మాకు కింది ఫ్లాటాయన తన సీలింగు ఫోటో పంపాడు, తడిసినంతమేరా ఎర్రగీత గీసి మరీ.

"ఏవండీ శాస్త్రవేత్త గారూ, బకెట్ నిండింది," అని మా ఆవిడ.

ఇదే కోవలో ఇంకోటి. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ఫైర్ స్టేషన్లో 1901 నుంచి వెలుగుతున్న బల్బు ఒకటుంది, దానికీ ఓ కెమెరా. మా బిల్డింగ్ మెట్ల మీద బల్బు పోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. రోజూ ఆ చీకట్లో ఒక చేత్తో గోడ తడుముకుంటూ, రెండో చేతిలో లివర్‌మోర్ బల్బు క్షేమంగా ఉందో లేదో చూసుకుంటూ పైకెక్కుతాను.

సరే, మళ్లీ చుక్క దగ్గరికి. పార్నెల్ తర్వాత దశాబ్దాల పాటు ఆ గరాటుని కనిపెట్టుకున్న జాన్ మెయిన్‌స్టోన్ కథ చదివి నాకు నిజంగానే గుండె బరువెక్కింది. 1988లో ఏదో తాగొద్దామని కాసేపు పక్కకెళ్లాడు, ఆ కాసేపట్లోనే చుక్క పడింది. 2000లో చుక్క పడేనాటికి కెమెరా ఉంది, సరిగ్గా ఆ వేళకే అది మొరాయించింది. 2013లో ఆయన పోయాడు, మరుసటేడు ఏప్రిల్లో తొమ్మిదోది పడింది. ఇంత చదివాక కూడా కుళాయి ముందు నుంచి లేచి ప్లంబర్‌కి ఫోన్ చేయమంటే ఎలా? చేశాను లెండి. "పది నిమిషాల్లో ఉంటా సార్" అన్నాడు. అది పోయిన నెల మాట. పిచ్‌తో పోటీపడగల వేగం నేనెరిగినంతలో అతనొక్కడిదే.

మొన్న ఆదివారం చెప్పాపెట్టకుండా ఊడిపడ్డాడు. నేను హాల్లో, పదో చుక్క మెడ ఏమైనా సన్నబడిందా అని ఫోన్లో పెద్దది చేసి చూస్తున్నాను. లోపల స్పానర్ చప్పుడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. "అయిపోయింది సార్" అన్నాడు, అరిగిపోయిన వాషర్ చూపిస్తూ.

పరిగెత్తాను. కుళాయి మూతి పొడిగా ఉంది.

"ఆఖరి చుక్క ఎప్పుడు పడింది? చూశావా?" అన్నాను.

అతను మా ఆవిడ వైపు చూశాడు.